ఉపమానము, భావన, విశ్వాసము: తెలుగు సువార్తను గూర్చి యొక విచారము

తెలుగు బైబిలు భాషను గూర్చి మన విశ్వవిద్యాలయములలో ఇంతవరకు జరిగిన చర్చ చాలవరకు దోషగణనముగానే సాగినది. అన్వయక్లేశము, పరభాషావాక్యముల నీడ, సమాసములయందలి తడబాటు అనువానిని చూపి, ఆ భాషకు ‘మిషనరీ తెలుగు’ అని పేరు పెట్టి, పుస్తకమును మూసివేయుట మనకు వాడుక. ఆ దోషములు లేవని మేము చెప్పము. కాని రెండు శతాబ్దములుగా ఒక గ్రంథమును లక్షలకొలది తెలుగువారు వినుచు, అందలి మాటలతో తమ సుఖదుఃఖములను చెప్పుకొనుచు ఉండగా, ఆ మాటలు వినువారి మనస్సులో ఏమి చేయుచున్నవి అను ప్రశ్నను సాహిత్యవిద్యార్థి అడుగకుండుట న్యాయము కాదు.

ఈ వ్యాసమున మేము ప్రతిపాదింపదలచినది ఒక్కటే. క్రీస్తు చెప్పిన చిన్నకథలకు తెలుగు అనువాదకులు ‘ఉపమానము’ అను పేరు పెట్టిరి. ఆ మాట మన అలంకారశాస్త్రమున ఒక అర్థమును, న్యాయశాస్త్రమున మరియొక అర్థమును కలిగియున్నది. మన పండితులు మొదటి అర్థమునే గ్రహించి ఆ కథలను చదివిరి. పల్లెలలోని శ్రోతలు, ఆ శాస్త్రము పేరైనను వినకయే, రెండవ అర్థమున వానిని వినుచున్నారు. ఆ శ్రోతల పద్ధతినే అనుసరించినచో, భావనయు విశ్వాసమును ఒకదానికొకటి శత్రువులు కావనియు, ఒకే జ్ఞానవ్యాపారమునకు రెండు కొసలనియు తేలును. మతప్రచారము గాని మతఖండనము గాని మా యుద్దేశము కాదు.

ముందుగా మా పొరపాటును చెప్పుకొనవలసియున్నది. విత్తువాని ఉపమానమును మేము అనేక సంవత్సరములు తరగతిలో రూపకమునకు ఉదాహరణముగా బోధించితిమి. విత్తనము వాక్యము, త్రోవప్రక్క నేల గ్రహింపలేని మనస్సు, రాతినేల వేరులేని ఉత్సాహము, ముండ్లపొదలు ఐహికచింతలు అని నల్లబల్లపై రెండు వరుసలు వ్రాసి, గీతలతో కలిపి, గంట కొట్టకముందే పాఠము ముగించుచుండెడివారము. మత్తయి, మార్కు, లూకా మువ్వురి సువార్తలలోను కథవెంట ఈ వివరణ ఉన్నది గనుక మా బోధకు మూలాధారము లేకపోలేదు. అయినను, వివరణ తెలిసిన పిమ్మట కథ యెందులకు? అర్థము చేతికి వచ్చిన తరువాత తొక్కవలె పారవేయదగినదేనా? ఈ సందేహము మాకు అప్పుడు కలుగలేదు.

కొన్నియేండ్ల క్రిందట మా విద్యార్థి యొకడు తన ప్రాంతపు క్రైస్తవుల కథాశ్రవణమును పరిశోధనాంశముగా ఎన్నుకొందునని వచ్చినపుడు, ఇది సాహిత్యవిషయము కాదని మేమే అడ్డుచెప్పితిమి. అతడు వాదింపలేదు. ఒకసారి తన యూరికి వచ్చి వినుడని మాత్రమే కోరెను. అతని యూరు రామన్నపేట సమీపమున ఉన్నది.

రామన్నపేట నల్లగొండ జిల్లాలోనిదై, 2016 నుండి యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. బీబీనగరము నుండి నడికుడికి పోవు రైలుమార్గముపై ఉన్న ఊరు. చుట్టుపట్ల ఎర్ర చెల్కలు, అక్కడక్కడ దుబ్బ, నడుమ నడుమ రాతిగుట్టలు. నేడు బోరుబావుల క్రింద వరియు, చెల్కలలో పత్తియు కనబడుచున్నను, వృద్ధుల మాటలలో ఇంకను జొన్న, ఆముదము, కందియే పండుచుండును. నల్లగొండ ప్రాంతమున బాప్టిస్టుల పని 1890 ప్రాంతమున ఆరంభమైనది. దానికి ఆద్యుడైన అబ్రహాము ఫ్రీజెన్ రష్యాదేశపు మెన్నొనైటు. తూర్పున ఒంగోలు, నెల్లూరు సీమలలో అప్పటికే వేరూనిన తెలుగు బాప్టిస్టు సంఘము ఇచ్చటి పనికి ఆసరా. ఈ చరిత్ర ఇంతకంటె విస్తరింప మాకిప్పుడు పని లేదు.

ఆ ప్రాంతపు మాట యొకటి మాత్రము గమనింపదగినది. అచ్చట కథకును, సామెతకును కూడ ‘శాత్రము’ అను మాట వాడుదురు. శాస్త్రశబ్దమునకు తద్భవమైన ఈ మాట కథయు జ్ఞానసాధనమే యని సూచించుచున్నట్లు తోచును. హెబ్రీ భాషలోని ‘మాషాల్’ అను పదము సైతము కథ, సామెత, పొడుపు అను మూటికిని చెల్లుచున్నది. తెలుగు బైబిలులో ఈ మాషాలే ఒకచోట ఉపమానమైనది, మరియొకచోట ఒక గ్రంథమునకే పేరై సామెతలైనది. రెండు తెలుగు మాటలుగా చీలినదానిని రామన్నపేట ‘శాత్రము’ తిరిగి ఒక్కటిగా కలిపినది.

మేము వెళ్లిన సాయంకాలము వేపచెట్టు క్రింద ప్రార్థన జరిగెను. ఉపదేశి విత్తువాని ఉపమానమును చదివి, మేము నల్లబల్లపై వ్రాసిన రెండు వరుసలనే నోటితో చెప్పెను. ముందు కూర్చున్న యొక వృద్ధురాలు ఊరకుండలేదు. “అయ్యగారూ, బాటమీద సల్లిండు, రాళ్లల్ల సల్లిండు, కంపల సల్లిండు. గిట్ల ఎవుసం జేస్తె ఇల్లు మునుగదా? గాయన ఎవరి జీతగాడు?” అని అడిగెను. నలుగురు నవ్విరి. ఉపదేశి ఓపికతో విత్తనమనగా వాక్యమని మరల చెప్పెను. ఆమె తల యూపి, కొంతసేపు మాటాడక, “గది గాదయ్యా. మా అసొంటి రాళ్లల్ల గూడ సల్లిండంటే, గాయనకు ఇత్తులకు కరువు లేనట్టు” అనెను.

ఈ మాటయొక్క బలము తెలియవలెనన్న అచ్చట విత్తు తీరు తెలియవలెను. ఆ చెల్కలలో జొన్నను గొర్రుతో విత్తుట సంప్రదాయము. ఎద్దులు గొర్రును లాగుచుండ, వెనుక నడచు స్త్రీ పిడికిటిలోని గింజలను కొలతగా జడ్డిగములో వదలుచుండును. గింజ గొట్టముల వెంట దిగి చాలులో పడును. వదలిన గింజ ఎక్కువైనచో విత్తనము వ్యర్థము, తక్కువైనచో చాలు వట్టిది. బాటమీదికి గాని బండమీదికి గాని గింజ పోవుటకు తావు లేదు. బీదయింటిలో మరుసటి సంవత్సరపు విత్తనమును ఆకలినుండి కాపాడుటయే ఒక తపస్సు. అట్టి పిడికిలి గల స్త్రీకి ఈ కథలోని విత్తువాడు మొదట తెలివిమాలినవాడుగా కనబడెను. తాను ఎరిగిన విత్తుటకును, విన్న విత్తుటకును పొత్తు కుదరని ఆ చోటనే ఆమె మనస్సు మేల్కొన్నది. కుదరనిదానిని వదలివేయక, దానియందే నిలిచి, విత్తువాడు ఎట్టివాడైయుండవలెనో భావించినది. ఆమె విత్తనము నుండి వాక్యమునకు గంతు వేయలేదు. పొలములోనే ఉండి విత్తువానిని చూచినది. వివరణలో నాలుగు నేలలకును అర్థము చెప్పబడినది గాని, విత్తువాడెవడో అతని స్వభావమెట్టిదో చెప్పబడలేదన్న సంగతి మేము ఆ రాత్రి గ్రంథము తెరచి మరల చూచుకొంటిమి.

పాశ్చాత్య పండితులును ఈ ఉపమానములతో చాల పెనగులాడిరి. పూర్వవ్యాఖ్యాతలు ప్రతి వస్తువునకును ఒక గూఢార్థము కట్టుచుండగా, జర్మను పండితుడు అడాల్ఫ్ యూలిఖర్ పందొమ్మిదవ శతాబ్దాంతమున ఆ పద్ధతిని త్రోసివేసి, ప్రతి ఉపమానమునకును ఒకే తాత్పర్యముండునని వాదించెను. 1935లో సి. హెచ్. డాడ్ అను వేల్సుదేశపు పండితుడు, కథ తన అన్వయమును పూర్తిగా చెప్పివేయక కొంత అనిశ్చయమును మిగిల్చి శ్రోతను ఆలోచనకు పురికొల్పునని చూపెను. 1947లో జోవాకీమ్ యెరెమియాస్, పాలస్తీనాలో దుక్కికి ముందే విత్తు ఆచారముండెను గనుక బాటమీద చల్లుట అజాగ్రత్త కాదని సమాధానము చెప్పెను. ఈ సమాధానమును పలువురు ఒప్పుకొనలేదు. ఒప్పుకొన్నను, అది వృద్ధురాలి ప్రశ్నను తీర్చును గాని ఆమె కనుగొన్నదానిని ఈయజాలదు. ఆశ్చర్యమును పోగొట్టుట యొక పాండిత్యము, దానిలో నిలుచుట వేరొక పాండిత్యము. మా మొగ్గు ఏ వైపుననో చదువరులకు తెలిసియే యుండును.

ఇక మాటను విచారింతము. అలంకారశాస్త్రమున ఉపమకు నాలుగంగములు: ఉపమేయము, ఉపమానము, సాధారణధర్మము, వాచకము. ఇందు ఉపమానము ఒక యంగము మాత్రమే. ఉపమేయమును ప్రకాశింపజేసి తాను వెనుకకు తగ్గునది. ఈ యర్థమున చూచినచో కథ దీపపుసెమ్మె వంటిది, తత్త్వము దీపము వంటిది. మేము తరగతిలో అనుసరించినది ఈ దృష్టినే. కాని నైయాయికులకు ఉపమానము ప్రత్యక్ష, అనుమాన, శబ్దములతో కూడిన నాలుగవ ప్రమాణము. వారి ప్రసిద్ధోదాహరణము విద్యార్థులెరిగినదే. గవయమును చూడని పట్టణవాసికి అడవివాడొకడు, అది ఆవువలె నుండునని చెప్పును. పట్టణవాసి ఆ మాటను జ్ఞాపకముంచుకొని అడవికి పోయి, ఆవువంటి మృగమును చూచి, గవయమనగా ఇదియే యని తెలిసికొనును. ఆ తెలివికి ఉపమితి యని పేరు. ఒక పేరునకును, ఆ పేరుగల వస్తువునకును గల సంబంధము అప్పుడు అతనికి సిద్ధించును.

వైశేషికులు దీనిని ప్రత్యేకప్రమాణముగా అంగీకరింపలేదు. మీమాంసకులు అంగీకరించినను వేరురీతిగా నిర్వచించిరి. ఆ వివాదమును పక్కన పెట్టి, నైయాయికుల ఉదాహరణములోని నడకను మాత్రము చూతము. అందు మూడు దశలు కలవు: ముందే ఎరిగిన ఆవు, అడవివాని మాట, అడవిలోని దర్శనము. మాట విన్నంతమాత్రమున జ్ఞానము పూర్తి కాలేదు. విన్నవాడు అడవికి పోవలెను. పోవునంతకాలము ఆ పోలికను మనస్సున మోయవలెను. ఈ మోయుటయే మేము భావన యనునది. అడవివాడు అబద్ధమాడలేదను నమ్మికయే విశ్వాసము. భావన లేనిచో కంటికెదురైన మృగమును గుర్తింపలేడు. విశ్వాసము లేనిచో అడవికే పోడు. సువార్తలోని పరలోకరాజ్యము శ్రోత చూడని గవయము. అతనికి తెలిసిన ఆవు అతని పొలము, అతని బావి, అతని మంద. వృద్ధురాలు తన గొర్రును జడ్డిగమును విడువకయే ఆ అడవిలో నడచినది.

అనువాదకులు ఈ న్యాయప్రక్రియనంతయు ఆలోచించి ఈ మాటను ఎన్నుకొనిరని మేము సాధింపబోము. తెలుగు బైబిలు చరిత్ర ఒక్కరి చేతిది కాదు. హాలే నుండి వచ్చిన బెంజమిన్ షుల్జ్ (1689–1760) మదరాసులో తెలుగు నేర్చి చేసిన అనువాదము వ్రాతప్రతిగానే నిలిచిపోయినది. హాలే నగరమున 1746 మొదలుగా అతడు ముద్రింపించిన చిన్నపుస్తకములే మనకు తెలిసిన తొలి తెలుగు అచ్చుపుస్తకములు. 1805లో విశాఖపట్టణము చేరిన జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనువారు ఆనందరాయరు అను బ్రాహ్మణక్రైస్తవుని తోడ్పాటుతో సువార్తలను తెనిగింప పూనిరి. క్రాన్ 1809లోను, డెస్ గ్రాంజెస్ 1810లోను మరణింపగా, వారి కృషిఫలములైన మూడు సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చుపడెను. తరువాతి సవరణలు అనేకములు. ఇన్ని చేతులు మారిన గ్రంథమున ఒక మాట నిలిచియుండుటకు కర్త యుద్దేశముకంటె భాషయొక్క స్వభావమే బలవత్తరమైన కారణము.

విశ్వాసమను మాటయు అట్టిదే. సంస్కృతమున దీనికి సమీపముగా శ్రద్ధ యనునది ఉన్నది. లాటిను భాషలోని ‘క్రేదో’ అను క్రియకు ఇది సోదరశబ్దమని భాషాశాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. అయినను తెలుగున శ్రద్ధ క్రమముగా సావధానత, ఆసక్తి అను అర్థములలోనికి జారినది. అనువాదకులు దానిని విడిచి విశ్వాసమును గైకొనిరి. ‘శ్వస్’ ధాతువునకు ఊపిరి పీల్చుట అర్థము; ‘వి’ ఉపసర్గ చేరగా, భయము లేక హాయిగా ఊపిరి పీల్చుట యను భావము కలిగి, దానినుండి నమ్ముట యను నర్థము పుట్టినది. సిద్ధాంతమునకు సమ్మతించుట వేరు, ఒకరి యెదుట వెరపు లేక ఊపిరి విడుచుట వేరు. తెలుగు వాడుకలో ఈ మాటకు నమ్మదగియుండుట యను రెండవ అర్థమును కలదు. కుక్కకును, నమ్మినబంటునకును విశ్వాసమున్నదందుము. గ్రీకుభాషలోని ‘పిస్తిస్’ అను మూలపదమునకును ఈ రెండర్థములు ఉండుట ఒక చక్కని సంవాదము.

హెబ్రీయులకు వ్రాసిన పత్రిక పదునొకండవ అధ్యాయారంభమున విశ్వాసలక్షణము చెప్పబడినది. అందు చూడబడనివానిని గూర్చి ‘రుజువు’ అను మాట వాడబడినది. ఇది అరబ్బీ మూలము నుండి ఉర్దూ ద్వారా మన కచ్చేరీలలో ప్రవేశించిన మాట. 1948 వరకు ఉర్దూ అధికారభాషగా నున్న నల్లగొండ పల్లెలలో, రుజువనగా పట్టా కొరకు, కౌలు కొరకు, అప్పు తీర్చితినని నిరూపించుకొనుట కొరకు బీదవాడు అధికారి యెదుట చూపలేక తల వంచుకొన్న వస్తువు. కాగితము లేనివానికి రుజువు లేదు. అట్టివాడు తన విశ్వాసమే రుజువని వినినప్పుడు పొందిన ధైర్యమును మనము నిఘంటువులలో వెదకలేము. గ్రీకుమూలమున ఉన్న ‘ఎలెంఖోస్’ కూడ ప్రశ్నించి పరీక్షించి నిరూపించుటకు చెల్లు మాటయే. పండితులు అనాదరించిన ఈ ‘మిషనరీ తెలుగు’ మాట ఇచ్చట మూలమునకు ఎంత దగ్గరగా నున్నదో చూడుడు. మన విచారమునకు ముఖ్యమైనది మరియొకటి: ఆ పత్రిక విశ్వాసమును ప్రమాణముల పంక్తిలోనే కూర్చుండబెట్టినది.

భావనను గూర్చి ఒక ఆక్షేపము రావచ్చును. బైబిలు మనుష్యుని ఊహను మెచ్చుకొనలేదు గదా యని. నిజమే. ఆదికాండము ఆరవ అధ్యాయమున జలప్రళయమునకు ముందు మనుష్యుల హృదయములోని ఊహ చెడ్డదని చెప్పబడినది. 1611 నాటి ఆంగ్లానువాదమున సైతము ఊహకు సమమైన పదము చాలచోట్ల నిందార్థముననే వచ్చును. పదునారవ శతాబ్దమున కాల్విన్ మనుష్యుని మనస్సు ఎడతెగక విగ్రహములను పుట్టించుచుండునని హెచ్చరించెను. అదే శతాబ్దమున ఇగ్నేషియస్ లొయోలా (1491–1556) దీనికి విరుద్ధమైన మార్గమును తొక్కెను. 1548లో పోపు ఆమోదము పొందిన అతని సాధనగ్రంథము, ధ్యానించువాడు ముందుగా స్థలమును మనస్సున నిర్మించుకొనవలెనని విధించును. నజరేతు నుండి బేత్లెహేమునకు పోవు దారి ఎంత పొడవో, ఎంత వెడల్పో, మెట్టయో పల్లమో కన్నులార చూచినట్లు తలపోయవలెను. రామన్నపేటలో ఎవరును ఈ గ్రంథమును చదువలేదు. వారు సహజముగా చేయుచున్నది ఇదియే.

తెలుగున మనకు ఊహ, భావన యని రెండు మాటలు ఉండుట అదృష్టము. ఊహ మనస్సు తనంతట తాను అల్లుకొనునది కావచ్చును. భావన ‘భూ’ ధాతువు యొక్క ప్రేరణార్థము నుండి వచ్చినది. ఉండునట్లు చేయుట దాని మూలార్థము. భట్టనాయకుడు రసచర్చలో భావకత్వమను వ్యాపారమును చెప్పి, దానిచేత కావ్యములోని వ్యక్తులు ‘నావారు, పరులు’ అను భేదమును విడిచి సాధారణులగుదురనెను. మీమాంసకులకు భావన ఇంకను కర్మప్రధానము: విధివాక్యము విన్నవానిని కార్యమున ప్రవర్తింపజేయు వ్యాపారమునకే వారు ఆ పేరు పెట్టిరి. కావ్యభావన హృదయమును కరగించును, మీమాంసకుల భావన కాళ్లను కదలించును. సువార్త ఉపమానమునకు రెండును కావలసియున్నవి.

లూకా సువార్త పదియవ అధ్యాయములోని మంచి సమరయుని కథ ఇందుకు సాక్ష్యము. పొరుగువాడెవడని ఒక ధర్మశాస్త్రజ్ఞుడు అడిగెను. దొంగలచేత కొట్టబడి కొనయూపిరితో పడియున్నవానిని యాజకుడొకడు, లేవీయుడొకడు చూచి ప్రక్కగా పోవుట, సమరయుడు గాయములు కట్టుట చెప్పి, ఈ మువ్వురిలో పొరుగువాడెవడాయెనని క్రీస్తు తిరిగి అడిగెను. కథ చివరకు విధివాక్యముతో ముగియును. తెలుగున పొరుగు అనునది స్థలవాచకము. ఇరుగుపొరుగులు ఎన్నుకొనబడినవి కావు, ఇల్లు కట్టిన చోటును బట్టి ఏర్పడినవి. మన పల్లెలలో ఊరు వేరు, వాడ వేరు. నడుమ దూరము నూరుగజములే యైనను వాడవారు ఊరివారికి పొరుగు కారు. కావున ఈ తెలుగు మాట గ్రీకు మాటకంటెను ఇచ్చట పదునెక్కినది.

ఈ కథను మేము రామన్నపేట వైపు రెండవసారి పోయినప్పుడు వింటిమి. కథ ముగిసిన పిమ్మట, మీరు ఆ కథలో ఎచ్చట ఉన్నారని మా విద్యార్థి కొందరిని అడిగెను. సమరయుడనైతినని చెప్పుదురని మేము ఎదురుచూచితిమి. ప్రసంగములలో సాధారణముగా చెప్పునది అదియే. చెప్పుల పని చేసి వృద్ధుడైన యొకరు ఇట్లనెను: “పడి ఉన్నోడు నన్ను ముట్టకు అనలేదు గద సారూ. గప్పుడే వాని కులం పోయింది.” యూదులకును సమరయులకును పొత్తు లేదను సంగతి యోహాను సువార్త నాలుగవ అధ్యాయమున, బావియొద్ద నీరు అడిగిన వృత్తాంతమున చెప్పబడినది. ఆ నీటి వృత్తాంతమునకు ఆ వాడలో వ్యాఖ్యానము అక్కరలేదు. చేదను తాము ముట్టరాక, పైనుండి పోసిన నీటిని దోసిట పట్టిన రోజులు వారికి జ్ఞాపకము. అతడు ఆ జ్ఞాపకముతో ఈ కథలోనికి ప్రవేశించెను. సమరయుని దయను అందరును చూతురు. గాయపడినవాడు ఆ స్పర్శను అంగీకరించెనని, ఆ అంగీకారముకూడ కథలో నొక కార్యమని మేము చదివిన వ్యాఖ్యానములలో మాకు తగులలేదు. ఇట్టి భావనను విగ్రహనిర్మాణమని త్రోసివేయుటకు మాకు ధైర్యము చాలదు.

ఈ అంతర్ముఖత క్రైస్తవమతముతోనే ఈ సమాజమునకు వచ్చినదని తలచుట పొరపాటు. ఒంగోలు ప్రాంతపు తొలి మాదిగ క్రైస్తవులలో ప్రముఖుడైన యర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మము పొందుటకు ముందు గురువు నాశ్రయించి రాజయోగమును అభ్యసించినవాడు. ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రకటించిన గ్రంథమున ఈ సంగతులు కలవు. కన్నులు మూసి లోన చూచుట నేర్చినవాడు సువార్తను వినినప్పుడు దానిని ఒక క్రొత్త శాసనముగా మాత్రమే విని యుండడు. గ్రీకున ‘మెతనోయా’ అను పదమునకు తెలుగున ‘మారుమనస్సు’ అను మాట నిలుచుటయు ఇచ్చట స్మరింపదగినది. పశ్చాత్తాపమను సంస్కృతపదము సిద్ధముగా ఉండగా, తాపమును విడిచి మనస్సు మారుటనే పట్టుకొన్న ఈ సమాసము మూలమునకు అవయవము అవయవముగా సరిపోవును. శిష్టసాహిత్యమున పురుషోత్తమ చౌదరి (1803–1890) కీర్తనములును, జాషువ (1895–1971) ‘క్రీస్తు చరిత్ర’యు ఇదే భావనను రాగతాళములలోను, పద్యమునను నడపినవి. జాషువ కావ్యము 1964లో సాహిత్య అకాడమీ పురస్కారమునందినది గనుక దానిని గూర్చి ఇతరులు వ్రాసియున్నారు. మేము వ్రాయదలచినది ఎవరును పురస్కరింపని శ్రోతను గూర్చి.

ఉపదేశి పక్షమునను చెప్పవలసినది ఉన్నది. ఎవరికి తోచిన భావన వారు చేసికొన్నచో గ్రంథము ఎందులకని ఆయన మమ్ము అడిగెను. ఆయన ప్రశ్న న్యాయమైనదే. నైయాయికుని ఉదాహరణమున సైతము పట్టణవాసి స్వేచ్ఛగా తిరుగలేదు. అడవివాని అతిదేశవాక్యమును తప్పకుండ జ్ఞాపకముంచుకొనెను. గవయము ఆవువలె నుండునన్న మాటను మరచినవాడు అడవిలో ఏనుగును చూచియు గవయమనవచ్చును. కావున కథలోని మాటలు మారరాదు, వినినవాడు వానియొద్దకు మరల మరల రావలెను. వృద్ధురాలు గాని, చెప్పులు కుట్టినవాడు గాని కథలో లేనిదానిని చేర్చలేదని మేము ఉపదేశికి మనవి చేసితిమి. బాటయు బండయు కథలో ఉన్నవి. గాయపడినవాడు అడ్డుచెప్పలేదనుట కథలో ఉన్నది. ఆయన పూర్తిగా ఒప్పుకొనలేదు. మేమును ఆయన నల్లబల్లను తుడిచివేయగోరలేదు.

స్థానికభావన మూలమును కొన్నిచోట్ల కప్పివేయుటయు గలదు. మత్తయి పదుమూడవ అధ్యాయమున ఒక స్త్రీ మూడు కుంచముల పిండిలో పులిపిండిని దాచిన ఉపమానము ఉన్నది. జొన్నరొట్టెకు పులిపిండి అక్కరలేదు గనుక ఆ ప్రాంతపు స్త్రీలు దీనిని పాలలో వేయు ‘తోడు’గా భావింతురు. చిటికెడు తోడు కడవెడు పాలను మార్చును. పైగా తోడనగా సహవాసము. ఈ పోలికలో లాభము చాల కలదు. కాని యూదులకు పులిసినది పండుగదినములలో ఇంటినుండి పారవేయవలసిన వస్తువు. సువార్తలలోనే అది మరియొకచోట చెడ్డబోధకు గురుతుగా వచ్చినది. అట్టి అనుమానాస్పదవస్తువునకు పరలోకరాజ్యమును పోల్చుటలోని వెరపు మన తోడులో లేదు, ఆ మాట మనకు కేవలము మంగళకరము గనుక. ఈ నష్టమును మేము విద్యార్థికి వివరించుచుండగా, విత్తువాని గూర్చి అడిగిన వృద్ధురాలే ప్రక్కనుండి విని, “తోడు మించితే పులుస్తది గద బిడ్డా, అది గూడ తోడే” అనెను. మా విద్యార్థి ఈ మాటను తన పుస్తకమున వంటమాటల పట్టికలో వ్రాసికొని యుండగా, మేము చూచి, ఉపమానముల పట్టికలోనికి మార్పించితిమి.